నిఘంటు నిర్మాణం: రోజుకు కొన్ని మాటలు

ఒక భాషలోని మాటలను పోగుచేసి, అకారాది క్రమంలో పేర్చి, ఒక్కోదానికి అర్థం, ప్రయోగం, పుట్టుపూర్వోత్తరాలు చెప్పే పనిని నిఘంటు నిర్మాణం అంటారు. మనుషులు తలపెట్టే దీర్ఘకాలపు పనుల్లో ఇంత నెమ్మదిగా సాగేవి తక్కువ. ఆవేశం పొంగితే పద్యం రాయవచ్చు, నాలుగు రాత్రులు మేలుకొని నాటకం ముగించవచ్చు. నిఘంటువు అలా తెమిలేది కాదు. 'అ' దగ్గరున్న ఉత్సాహం 'క' గుణింతానికి వచ్చేసరికే సగమవుతుంది. అక్కడి నుంచి పనిని ముందుకు నడిపేది ప్రతిరోజూ ఒకే బల్ల ముందు కూర్చునే అలవాటు ఒక్కటే. చిన్న చిన్న దినసరి శ్రమలు కలిసి ఒక జీవితకాలపు లక్ష్యం ఎలా అవుతాయో చూడాలంటే నిఘంటువుల చరిత్రను మించిన ఉదాహరణ దొరకదు.

చీటీ పద్ధతి

కంప్యూటర్లు రాకముందు పెద్ద నిఘంటువుల్లో చాలావాటికి పునాది కాగితపు చీటీ. చదువరి ఒక గ్రంథం చదువుతూ పోతాడు. కొత్త మాట కనబడగానే, లేదా తెలిసిన మాటే కొత్త అర్థంలో కనబడగానే దాన్ని ఒక చీటీ మీద రాస్తాడు. పైన మాట, కింద అది వచ్చిన వాక్యం, ఆ కింద గ్రంథం పేరు, పుట లేదా పద్యం సంఖ్య. ఒక చీటీ మీద ఒక్క మాటే ఉండాలి. ఈ నియమం తప్పితే తర్వాత పేర్చడం కుదరదు. చీటీలు అక్షరక్రమంలో అరల్లోకి చేరతాయి. ఒక మాట తాలూకు చీటీలన్నీ చేరాక సంపాదకుడు వాటిని బల్ల మీద పరిచి, ఒక అర్థానికి చెందినవాటిని ఒక వరసగా విడదీసి, ఆరోపం రాస్తాడు. ఆరోపం అంటే నిఘంటువులో శీర్షికగా నిలిచే మాట.

తెలుగులో 'పట్టు' అనే మాటను తీసుకుందాం. సంపాదకుడి ముందు చీటీలు ఇలా ఉంటాయి: దొంగను పట్టారు. ఇనుముకు తుప్పు పట్టింది. అరిసెలకు పాకం పట్టింది. నాలుగు శేర్లు పట్టే కుండ. ఊరు చేరడానికి మూడు గంటలు పట్టింది. ఆ గొడవ నాకు పట్టదు. నుదుటి మీద తడిగుడ్డ పట్టు వేశారు. చెట్టుకు తేనెపట్టు ఉంది. సంగీతంలో మంచి పట్టు ఉంది. పట్టు చీర కట్టుకుంది. వీటిలో ఏవి ఒకే మాటకు శాఖలు, ఏది వేరే మాట? పట్టు చీరలోని పట్టును వేరే ఆరోపంగా తీయాలి. మిగిలినవాటిలో క్రియ ఏది, నామవాచకం ఏది, ఏ అర్థం ముందు, ఏది వెనుక? ఇంతలో 'పడు' అరలోంచి మరో చీటీ బయటపడుతుంది: 'ఊరు చేరడానికి గంట పడుతుంది'. పైకి చూస్తే 'పడు' లాగే ఉంది. భూతకాలంలోకి మార్చి చూస్తే 'గంట పడింది' అనం, 'గంట పట్టింది' అంటాం. కాబట్టి ఆ చీటీ చేరాల్సింది 'పట్టు' అరలోకే. ఈ ఒక్క సంగతి తేలేసరికి పూట గడిచిపోతుంది. అచ్చులో అది ఒక వాక్యం కూడా ఉండదు.

చీటీ గొప్పతనం దాని పరిమాణంలోనే ఉంది. పది నిమిషాలు దొరికినా ఒక చీటీ రాయవచ్చు. పని మధ్యలో ఆగినా నిన్నటి చీటీ చెడిపోదు. ఎవరు రాసినా నియమం ఒకటే గనుక ఒకరి పని మరొకరు అందుకోవచ్చు. పెద్ద లక్ష్యాన్ని ఒక పూటలో ముగిసే ముక్కగా కోయడం, ఆ ముక్క దేనికదే పూర్తిగా ఉండేలా చూడడం నిఘంటుకారులు కనిపెట్టిన ఉపాయం. వాళ్ల ఓర్పును అందరూ పొగుడుతారు. ఈ ఉపాయం లేకపోతే ఆ ఓర్పు ఎక్కువ కాలం నిలిచేది కాదని నిఘంటువుల చరిత్ర చదివితే అర్థమవుతుంది.

తప్పిన అంచనాలు

చెప్పిన గడువులో పూర్తయిన పెద్ద నిఘంటువు దాదాపు లేదు. సామ్యూల్ జాన్సన్ 1746లో లండన్ పుస్తక వ్యాపారులతో ఒప్పందం చేసుకుని, మూడేళ్లలో ఇంగ్లీషు నిఘంటువు ఇస్తానన్నాడు. అది 1755లో వచ్చింది. దాదాపు 42,000 ఆరోపాలను తొమ్మిదేళ్లకు పంచితే రోజుకు 13 మాటలు. ఆరుగురు లేఖకుల సాయం ఉండగా సాగిన వేగం అది.

ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువుది ఇంకా పెద్ద కథ. 1879లో సంపాదకుడిగా జేమ్స్ మర్రే ఒప్పందం చేసుకున్నప్పుడు అనుకున్నది పదేళ్లు, నాలుగు సంపుటాలు. అయిదేళ్ల తర్వాత 1884లో మొదటి భాగం అచ్చయింది. అది 'ఎ'తో మొదలై 'యాంట్' అనే మాట దగ్గర ఆగింది. చివరి భాగం వచ్చింది 1928లో. మొత్తం 15,490 పుటలు, నాలుగు లక్షల పైచిలుకు మాటలు. 1879 నుంచి లెక్కిస్తే సంపాదకులందరి పనీ కలిపి రోజుకు 23 మాటలు. 1915లో కన్నుమూసేనాటికి మర్రే 'టి' అక్షరం మీద పని చేస్తున్నాడు.

ఈ అంచనాలు తప్పడానికి సోమరితనం కారణం కాదు. పని మొదలుపెట్టేనాడు కనిపించేది మాటల సంఖ్య మాత్రమే. ఒక్కో మాట లోతు ఎంతో చీటీలు పరిచాకే తెలుస్తుంది. 'అంగవస్త్రం' ఒక గంటలో అయిపోతుంది, 'పట్టు' వారం తింటుంది. గడువు తప్పగానే పని మానేసి ఉంటే నేడు మన చేతిలో ఒక్క మంచి నిఘంటువైనా ఉండేది కాదు.

దినచర్యలు

ఫ్రెంచి నిఘంటుకారుడు ఎమిల్ లిట్రే తన దినచర్యను తానే వివరంగా రాసిపెట్టాడు. పల్లెటూరి ఇంట్లో ఉన్న రోజుల్లో ఉదయం ఎనిమిదికి లేచేవాడు. పడకగదే పనిగది కూడా. దాన్ని ఊడ్చి సర్దేంతసేపు కిందికి వెళ్లి ఏదో ఒకటి రాసేవాడు. నిఘంటువు పీఠిక అలాంటి చిల్లర సమయాల్లో రాసిందే. తొమ్మిది నుంచి భోజనం దాకా అచ్చు ప్రతులు దిద్దడం. మధ్యాహ్నం కొంతసేపు ఒక పత్రికకు వ్యాసాలు. మూడు నుంచి ఆరు దాకా నిఘంటువు. రాత్రి భోజనం తర్వాత ఏడింటికి మళ్లీ కూర్చుంటే తెల్లవారుజామున మూడు. గది ఊడ్చే వ్యవధిని కూడా వదలకపోవడం చూసి ఆశ్చర్యపోతాం గానీ, ఆ చర్యలో అసలు గమనించాల్సింది వేరు. ఏ గంటకు ఏ పనో ముందే స్థిరపడి ఉంది. కూర్చున్నాక ఏం చేయాలా అని ఆలోచించే పని ఆయనకు లేదు.

మర్రే బడిపంతులుగా ఉంటూనే ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు పని నెత్తికెత్తుకున్నాడు. ఇంటి ఆవరణలో రేకుల కొట్టం వేయించి, అందులో 1,029 అరలు కట్టించాడు. చీటీలు రాసి పంపమని ప్రజలకు ఇచ్చిన పిలుపు ఫలితంగా రోజుకు వెయ్యి దాకా చీటీలు టపాలో వచ్చేవి. వాటిని విడదీసి పేర్చినందుకు ఆయన పిల్లలకు చిల్లర డబ్బులు దక్కేవి. కొట్టంలో చలికి కాళ్లు కొంకర్లు పోతుంటే పెట్టెలో పెట్టుకుని పని సాగించేవాడట.

మన దేశంలో హరిచరణ్ బందోపాధ్యాయది మరీ ఒంటరి సాధన. ఠాగూరు కుటుంబ జమీందారీ కచేరీలో ఉద్యోగం చేస్తున్న ఆయన్ను రవీంద్రనాథ్ శాంతినికేతన్‌కు పిలిపించాడు. అక్కడ సంస్కృతం చెబుతూ, ఠాగూరు ప్రోత్సాహంతో 1905లో బెంగాలీ నిఘంటువు మొదలుపెట్టాడు. పగలు బడి, మిగిలిన పొద్దంతా మాటలు. రాతప్రతి 1923 ప్రాంతంలో పూర్తయింది. అచ్చు వేయడానికి డబ్బు లేక మళ్లీ ఏళ్లు గడిచాయి. 1932లో మొదలై 1946 దాకా, 105 చిన్న భాగాలుగా 'బంగీయ శబ్దకోశ్' వెలువడింది. నలభై ఏళ్ల పని. చివరి రోజుల్లో ఆయన చూపు పోయింది. కేరళలో శ్రీకంఠేశ్వరం పద్మనాభ పిళ్లై కూడా దాదాపు ఒంటరిగానే 1897లో మొదలుపెట్టి ఇరవై ఏళ్లలో 'శబ్దతారావలి' రాశాడు. మలయాళీల ఇళ్లలో ఆ పుస్తకం ఇప్పటికీ ఉంది.

తెలుగులో

తెలుగులో పాత నిఘంటువులు పద్యాల్లో ఉండేవి, కంఠస్థం చేయడానికి. అకారాది క్రమంలో మాటలు పేర్చే పద్ధతికి 19వ శతాబ్ది తొలినాళ్లలో మచిలీపట్నం వర్తకుడు మామిడి వెంకయ్య 'ఆంధ్రదీపిక'తో దారి వేశాడు. వ్యాపారం చేసుకునే మనిషి ఇలాంటి పనికి పూనుకోవడం ఈనాడు కూడా గుర్తుచేసుకోదగ్గ విషయం.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టాడు. 1817లో మద్రాసుకు, 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చాడు. వచ్చేనాటికి తెలుగు అంతంతమాత్రమే. పగలు రెవెన్యూ, కోర్టు వ్యవహారాలు, మిగిలిన సమయం తెలుగు. కడపలో బంగళా కొని, పండితులను సొంత డబ్బుతో జీతానికి పెట్టి తాళపత్రాలు సేకరించి, ప్రతులు రాయించి, పాఠాలు సరిచూపించాడు. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైత బ్రహ్మయ్య వంటివారు ఆ పనిలో ఆయనకు కుడిభుజాలు. రాజమండ్రి, మచిలీపట్నం, మద్రాసు, ఎక్కడికి బదిలీ అయినా ఈ పని వెంట వెళ్లింది. తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో అచ్చయింది. కడపలో అక్షరాలు దిద్దిన నాటి నుంచి లెక్కేస్తే 32 ఏళ్లు. కావ్యాల్లోని మాటలతోపాటు జనం నోట విన్న మాటలకు కూడా ఆయన చోటిచ్చాడు. ఆ నిఘంటువును ఇంకా సంప్రదిస్తున్నామంటే అదే కారణం. కడపలో ఆయన బంగళా ఉన్న చోటే నేడు సి.పి. బ్రౌన్ గ్రంథాలయం నడుస్తోంది. దాన్ని నిలబెట్టడానికి జానమద్ది హనుమచ్ఛాస్త్రి విరాళాల కోసం ఏళ్లతరబడి తిరిగాడు.

పరవస్తు చిన్నయసూరి తలపెట్టిన నిఘంటువు ఆయన మరణంతో ఆగిపోయింది. బహుజనపల్లి సీతారామాచార్యుల 'శబ్దరత్నాకరము' 1885లో వచ్చింది. కావ్యభాషకు నేటికీ దానిదే పెద్దపీట.

ఇరవయ్యో శతాబ్దిలో ఇద్దరు ప్రత్యర్థుల కథ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. వ్యావహారిక భాష కోసం గిడుగు రామమూర్తి, గ్రాంథికం కోసం జయంతి రామయ్య పంతులు హోరాహోరీ పోరాడారు. ఆ వాదాలు అందరికీ తెలుసు. ఇద్దరూ దశాబ్దాల తరబడి నిఘంటువుల పని చేశారన్న సంగతి తక్కువమంది తలుస్తారు.

1911లో ఏర్పడ్డ ఆంధ్ర సాహిత్య పరిషత్తు, పిఠాపురం మహారాజు సూర్యారావు పోషణతో 'సూర్యరాయాంధ్ర నిఘంటువు' చేపట్టింది. దాని వెనుక రామయ్య పంతులు ఉన్నాడు. మొదటి సంపుటం 1936లో వచ్చింది. ఆయన 1941లో పోయాడు. ఎనిమిదో సంపుటం, అంటే చివరిది, 1972లో వచ్చింది. జనం నోటి మాటలను పక్కన పెట్టడం దాని లోపం. కావ్యప్రయోగాలను గాలించి చూపడంలో మాత్రం దానికి సాటి మరొకటి లేదు.

గిడుగు పర్లాకిమిడిలో బడిపంతులు. చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల భాషకు అప్పటికి లిపి లేదు, వ్యాకరణం లేదు, నేర్చుకోవడానికి పుస్తకం లేదు. సవర భాష తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, ఒక్కో మాటా అడిగి రాసుకున్నాడు. కొండల్లో తిరిగినప్పుడు జ్వరం వచ్చి, వేసుకున్న క్వినైన్ వల్ల వినికిడి దెబ్బతింది. మాటలు వినడమే పనిగా పెట్టుకున్న మనిషికి అది ఎంత పెద్ద దెబ్బో వేరే చెప్పాలా? ఆయన ఆగలేదు. కొడుకు సీతాపతి తోడుగా నిలిచాడు. సవర భాషా వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు కోశం 1938లో వచ్చాయి. 1940 జనవరిలో ఆయన కన్నుమూశాడు. నలభై ఏళ్లు దాటిన శ్రమ, అదీ తన మాతృభాష కాని భాష కోసం. తెలుగు నేల మీద దినదిన సాధనకు ఇంతకంటే పెద్ద ఉదాహరణ ఉందని ఈ వ్యాసకర్త అనుకోవడం లేదు.

స్వాతంత్ర్యం తర్వాత ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశాలు మొదలుపెట్టింది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదాల సంపుటం 1962లో వచ్చింది. దీనికోసం మాటలను పుస్తకాల్లోంచి ఏరలేదు. పరిశోధకులు జిల్లాల్లో ఊరూరా తిరిగి, నాగలిలో ఒక్కో భాగాన్నీ రైతుకు చూపించి, దీన్ని మీ దగ్గర ఏమంటారని అడిగారు. తర్వాత చేనేత, గృహనిర్మాణం వంటి వృత్తులకు సంపుటాలు వెలువడ్డాయి. ట్రాక్టర్లు వచ్చాక వాడుకలోంచి జారిపోయిన ఎన్నో మాటలు ఇప్పుడు ఆ పుటల్లోనే మిగిలాయి.

చేతులు మారిన పని

జేకబ్, విల్‌హెల్మ్ గ్రిమ్ సోదరులు 1838లో, రాజును ఎదిరించి విశ్వవిద్యాలయ ఉద్యోగాలు పోగొట్టుకున్న కాలంలో, జర్మన్ నిఘంటువుకు పూనుకున్నారు. విల్‌హెల్మ్ 'డి' అక్షరం ముగించి 1859లో పోయాడు. జేకబ్ 1863లో 'ఎఫ్' మధ్యలో పోయాడు. తరాల పండితులు దాన్ని మోశారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత దేశం రెండు ముక్కలైనా తూర్పున బెర్లిన్, పడమర గట్టింగెన్ కలిసి పనిచేసి 1961లో ముగించాయి. ఇనుపతెర ఆపలేని కొద్ది పనుల్లో అదొకటి.

షికాగో విశ్వవిద్యాలయం 1921లో మొదలుపెట్టిన అస్సీరియన్ నిఘంటువు 2011లో ముగిసింది. తొంభై ఏళ్లు. స్వీడిష్ అకాడమీ 1883లో చేపట్టిన నిఘంటువు 2023లో చివరి అక్షరానికి చేరింది. అయితే 'ఎ' సంపుటం 19వ శతాబ్దిలో వచ్చింది గనుక, అలర్జీ వంటి మాట అందులో లేదు. ఇప్పుడు మళ్లీ మొదటి నుంచి సవరిస్తున్నారు.

పుణెలో దక్కన్ కళాశాల చేపట్టిన సంస్కృత నిఘంటువు వీటన్నిటికంటే పెద్ద సంకల్పం. ఎస్.ఎం. కత్రే పూనికతో 1948లో మొదలైంది. దాదాపు 1,500 గ్రంథాలు చదివి సుమారు కోటి చీటీలు రాయడానికే పాతికేళ్లు పట్టింది. 1976లో అచ్చు మొదలైంది. ముప్పై అయిదు సంపుటాలు వచ్చినా ఇంకా 'అ' అక్షరమే. ముగింపు తాము చూడమని తెలిసీ రోజూ ఉదయం వచ్చి ఇనుపబీరువా తీసి చీటీలు ముందేసుకునే పండితులకు ఎంత గౌరవం ఇచ్చినా తక్కువే.

చేతులు మారేటప్పుడు నష్టాలు కూడా జరుగుతాయి. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుకు 'పిఎ'తో మొదలయ్యే మాటల చీటీలు ఐర్లండులో ఒక గుర్రపుసాలలో దొరికాయి. అప్పటికే కొన్నిటిని పొయ్యి రాజేయడానికి వాడేశారు. 'హెచ్' చీటీలు ఇటలీలోని ఫ్లోరెన్సులో తేలాయి. 'బాండ్‌మెయిడ్' అనే మాట చీటీలు ఎక్కడో జారిపోవడంతో అచ్చయిన సంపుటంలో ఆ మాటే లేకుండా పోయింది. రోజువారీ శ్రమ ఎంత ముఖ్యమో, ఆ శ్రమ ఫలితాన్ని భద్రపరచడం కూడా అంతే ముఖ్యమని నిఘంటుకారులు నష్టపోయి నేర్చుకున్నారు.

ఇప్పుడు

చీటీల స్థానంలోకి కంప్యూటర్లు వచ్చాయి. కోట్ల వాక్యాల్లోంచి ఒక మాట ప్రయోగాలను క్షణంలో వెతకవచ్చు. పాత తెలుగు నిఘంటువులు ఎన్నో అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతున్నాయి. విక్షనరీ అనే అంతర్జాల నిఘంటువులో ఎవరైనా పదం చేర్చవచ్చు. సేకరణ సులువైంది. అర్థం తేల్చే పని మాత్రం మనిషిదే, ఆ వేగం పెద్దగా మారలేదు. ఒంటరి సాధకుల కాలం కూడా పోలేదు. కేరళలోని తలశ్శేరికి చెందిన ఞాట్యేల శ్రీధరన్ నాలుగో తరగతితో బడి మానేసి బీడీలు చుట్టిన మనిషి. పాతికేళ్లు కష్టపడి మలయాళం, కన్నడం, తమిళం, తెలుగు భాషలకు కలిపి ఒకే నిఘంటువు తయారుచేశాడు. అది 2020లో వెలుగు చూసింది. కన్నడ నిఘంటుకారుడు జి. వెంకటసుబ్బయ్య నూరేళ్లు దాటాక కూడా మాటల పని వదల్లేదు. ఆయన 2021లో, 107 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

తెలుగుకు ఇంకా రావలసింది చాలా ఉంది. ప్రతి మాటా మొదట ఏ శాసనంలో, ఏ గ్రంథంలో కనబడింది, కాలక్రమంలో అర్థం ఎలా మారింది అని సమగ్రంగా చెప్పే చారిత్రక నిఘంటువు మనకు లేదు. శ్రీకాకుళం, తెలంగాణ, రాయలసీమ మాటలే కాక, హోసూరు, బళ్లారి, ఒడిశా సరిహద్దు తెలుగువారి నోటి మాటలు చాలావరకు ఎక్కడా నమోదు కాలేదు. ఆ మాటలు తెలిసిన తరం వెళ్లిపోతోంది. ఇందుకు ప్రభుత్వాలు, విశ్వవిద్యాలయాలు పూనుకోవాలి. అందాకా ఆగనక్కర్లేదు. ఈ వ్యాసం చదివేవారి ఇంట్లో అమ్మమ్మో, తాతయ్యో ఉంటే రోజుకు ఒక మాట అడిగి రాయండి: మాట, అది వచ్చిన పూర్తి వాక్యం, చెప్పినవారి ఊరు, వయసు, తేదీ. ఒక కాగితం మీద ఒక్క మాటే రాయండి.